బీరువాలోని కెమెరా బయటికి తీద్దాం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి కాస్త వేరే విషయం ఉంటే బాగుంటుందని కార్యదర్శి గారు నన్ను డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా గురించి చెప్పమన్నారు. "నేను ఫొటోగ్రాఫర్ని కాదండీ, రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌ని" అన్నాను. "అందుకే మీకు అప్పజెప్పాం. తెలిసినవాళ్లు చెబితే మాకు అర్థం కాదు" అన్నారు. అది పొగడ్తో కాదో నాకిప్పటికీ తెలియదు.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీలో ఎందరి ఇళ్లలో ఈ నల్ల కెమెరా ఉంది? పది పన్నెండు చేతులు లేచాయి. ఈ సంవత్సరం దాన్ని బయటికి తీసినవారెందరు? రెండే చేతులు. అదీ మన పరిస్థితి. పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది మనకిచ్చారు. పోతుందేమో, పాడవుతుందేమో అని మనం బీరువాలో పట్టుచీరల పక్కన భద్రం చేశాం. మా శాలిబండ ఇంట్లో అదే జరిగింది. మా అమ్మాయి ఇచ్చిన కెమెరా మూడేళ్లు బీరువాలోనే ఉంది. ఆ తరువాత తీశాను. తీసి నేర్చుకున్నది కొంత, పోగొట్టుకుని నేర్చుకున్నది కొంత. రెండూ ఈ రోజు మనవి చేస్తాను.

ఫొటోగ్రఫీ మనలాంటి ఉద్యోగులకు పొసగని విద్య అనుకోకండి. మన హైదరాబాదు పాత ఫొటోలు అనగానే గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. ఉద్యోగం చేసుకుంటూనే 1870ల్లో కెమెరా పట్టారు. తరువాత సర్కారు కొలువు వదిలి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించి, అక్కడ ఫొటోలు తీసే పని ఒక మహిళకే అప్పగించారు. 1905లో కాలం చేశారు. 2006లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. ఒక డ్రాఫ్ట్స్‌మన్ అంతవాడయ్యాడు కదా, మరో డ్రాఫ్ట్స్‌మన్ కనీసం మనవడి ఫొటో తిన్నగా తీయలేడా అన్నది నా ధైర్యం.

ఇక యంత్రం సంగతి. ఎస్.ఎల్.ఆర్. అంటే ఒకే లెన్సుతో, అద్దం సాయంతో చూసే కెమెరా. లెన్సులోంచి వచ్చిన వెలుతురు లోపల ఏటవాలుగా ఉన్న చిన్న అద్దం మీద పడి పైకి మళ్లుతుంది. అక్కడ ఐదు ముఖాల గాజు దిమ్మెలోనో, చవక రకాల్లో అద్దాల గూటిలోనో తిరిగి, బొమ్మ తలకిందులు కాకుండా మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెనక షట్టర్ తెర తెరుచుకుంటుంది, వెలుతురు వెళ్లి సెన్సర్ మీద పడుతుంది. మనకు వినపడే 'ఠక్' అనే చప్పుడు ఈ అద్దానిదీ, తెరదీ. ఆ క్షణం కంటికి చీకటి కమ్ముతుంది. కెమెరా చూసేటప్పుడు మనం చూడం, మనం చూసేటప్పుడు అది చూడదు. ఇప్పుడు కెనన్, నికాన్ కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు మళ్లాయి. అందుచేత అద్దమున్న పాత కెమెరాలు సెకండ్ హ్యాండులో మన పెన్షనుకు అందే ధరల్లో దొరుకుతున్నాయి. కొనేవారు షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో అడిగి కొనండి. సాధారణ రకాలను లక్ష సార్లకు పరీక్షించి వదులుతారు. పాత స్కూటరు కొనేటప్పుడు మీటరు రీడింగు చూసినట్టే ఇదీ.

ఫిల్ము ఉండే చోట ఇప్పుడు సెన్సర్ ఉంది. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో అడ్డంగా నూరు, నిలువుగా నూరు, వెరసి పదివేల గడులు. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. 1991లో కొడాక్ వారు నికాన్ కెమెరాకు 13 లక్షల గడుల సెన్సర్ బిగించి అమ్మారు. ఫొటోలు దాచే పెట్టె వేరుగా భుజాన మోసుకోవాలి. 2003లో 63 లక్షల గడుల కెనన్ 300డి వచ్చాక గాని ఇది మధ్యతరగతి ఇంటికి చేరలేదు. 2012 నాటికి మా అమ్మాయి కొన్న సాధారణ రకంలోనే 2 కోట్ల 40 లక్షలున్నాయి. ఈ గడులనే మెగాపిక్సెళ్లలో లెక్కిస్తారు. పది లక్షలైతే ఒక మెగాపిక్సెల్.

ఈ అంకె చూసి మోసపోకండి. మంచి ప్రింటుకు అంగుళానికి 300 గడులుంటే చాలు. గోడకు పెట్టుకునే 12 అంగుళాలు, 8 అంగుళాల ఫొటోకు లెక్క కట్టండి: 3600 ఇంటూ 2400, అంటే 86 లక్షలు. తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే. మీ పాత కెమెరాలో పన్నెండు ఉంటే మీ గోడకు సరిపోయి మిగులుతుంది.

అంకె కన్నా ముఖ్యమైనది సెన్సర్ కొలత. పాత ఫిల్ముతో సమానమైన పెద్ద సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. మన ఇళ్లలో ఉండే రకాల్లో సుమారు 23.5, 15.6. సెల్‌ఫోన్లలో అంతకన్నా చాలా చిన్నది. పెరట్లో బిందె పెడితే ఎక్కువ వాన నీళ్లు పడతాయా, చెంబు పెడితేనా? వెలుతురు సంగతీ అంతే. ఫోను లోపలి కంప్యూటరు ఎన్నో ఉపాయాలతో ఆ లోటు పూడుస్తుంది, కాదనను. కాని మసక వెలుతురులో ఉన్నది ఉన్నట్టు పట్టడానికి పెద్ద సెన్సర్ బలం వేరు.

ఇప్పుడు అసలు విద్య. ఎంత గొప్ప కెమెరా అయినా మూడు మరల మీద నడుస్తుంది. మన గల్లీ నల్లా కింద బిందె పెట్టారనుకోండి. నల్లా ఎంత తిప్పారన్నది మొదటిది. దీన్ని ఎపర్చర్ అంటారు. ఎఫ్ 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. రంధ్రం పెద్దదైతే మనిషి ముఖం స్పష్టంగా, వెనక గోడ మసకగా వస్తుంది. చిన్నదైతే దగ్గరా దూరం రెండూ తేటగా వస్తాయి. ఎంతసేపు వదిలారన్నది రెండవది, షట్టర్ వేగం. సెకండులో ముప్పయ్యో వంతు, అరవయ్యో వంతు, నూట పాతికో వంతు అలా పోతుంది. మూడవది ఐ.ఎస్.ఓ. దీనికి నల్లా పోలిక చాలదు, ఈ మైకు పోలిక సరిపోతుంది. నా గొంతు సన్నగా ఉంటే వాల్యూం పెంచుతారు. గొంతుతో పాటు గురగుర కూడా పెరుగుతుంది. ఐ.ఎస్.ఓ. 100 అంటే తక్కువ వాల్యూం. 3200 అంటే బాగా పెంచిన వాల్యూం, అప్పుడు ఫొటోలో ఇసుక చల్లినట్టు రేణువులు కనిపిస్తాయి.

చార్మినార్ దగ్గర పావురాలు రివ్వున లేచాయి. వాటి రెక్కలు ఆగినట్టు కనిపించాలంటే సెకండులో వెయ్యో వంతు వేగం కావాలి. పొద్దున తొమ్మిది ఎండలో అది సులభం. అదే సాయంత్రం లాడ్ బజారులో గాజుల కొట్టు ముందైతే వెలుతురు తక్కువ, రంధ్రం పెద్దది చేసి ఐ.ఎస్.ఓ. 1600 దాకా పెంచాల్సిందే. ఇక చార్మినార్ మొత్తాన్ని దగ్గరనుంచి ఇరికించాలని కెమెరా పైకెత్తితే మీనార్లు వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి. అది లెన్సు తప్పు కాదు, కెమెరా వంచిన మన తప్పు. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడవండి. కెమెరా నిలువుగా తిప్పి, తిన్నగా పట్టుకుని, మీనార్ల కొసలు చట్రంలో పట్టేదాకా వెళ్లండి. కింద రోడ్డు ఎక్కువ వస్తుంది, ఇంటికొచ్చి కత్తిరించుకోవచ్చు.

ఇంకొకటి. కెమెరాలోని మీటరుకు తెలుపు, నలుపు తెలియవు. దేన్ని చూపించినా నడిమి బూడిద రంగుకు తెచ్చే ప్రయత్నం చేస్తుంది. తెల్ల పంచె, తెల్ల లాల్చీ కట్టుకున్న పెద్దాయన మాసిన బట్టలు కట్టినట్టు వస్తాడు. నల్ల బురఖా వెలిసినట్టు వస్తుంది. ప్లస్, మైనస్ గుర్తుతో ఒక మీట ఉంటుంది. తెలుపుకు ప్లస్ ఒకటి, నలుపుకు మైనస్ ఒకటి పెట్టండి. ఎవరినైనా తీసే ముందు అడగండి. అడిగితే మా పాతబస్తీలో కాదనేవారు తక్కువ. "బైఠియే సాబ్, చాయ్ పీజియే" అని కూర్చోబెడతారు కూడా.

మన వయసువారికి పనికొచ్చే సంగతులు పుస్తకంలో చివరి పేజీల్లో ఉంటాయి. నాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక కెమెరాలోంచి చూస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపించేది. లెన్సు పోయిందనుకుని ఆరు నెలలు బాధపడ్డాను. మా మనవడు వచ్చి, కన్ను పెట్టే చోటి పక్కన ఉన్న శనగగింజంత చక్రం తిప్పి, "ఇప్పుడు చూడు తాతా" అన్నాడు. అద్దంలో ముఖం చూసుకున్నంత స్పష్టంగా ఉంది! అది మన కంటి పవరుకు తగ్గట్టు సరిచేసే చక్రం. లోపల కిందివరసలో కనిపించే అంకెలు తేటగా కనబడేదాకా తిప్పాలి, అంతే.

రెండవది చేతి వణుకు. లెన్సు మీద 55 అని ఉంటే, మన చిన్న సెన్సర్ వల్ల దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేయాలి. ఎనభై రెండు వచ్చింది కనుక కుర్రవాళ్లకు ఎనభయ్యో వంతు చాలు. మనకు రెండు వందలో వంతు పెట్టుకోవడం క్షేమం. ఎడమ చెయ్యి లెన్సు కింద, మోచేతులు డొక్కలకు ఆన్చి, వీలైతే గోడకు చేరబడి తీయండి. లెన్సు మీద వణుకు తగ్గించే మీట ఉంటే దాన్ని ఆన్‌లో ఉంచండి. నడిచి వచ్చే మనిషి కదలికను మాత్రం ఆ మీట ఆపలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

దాచుకునే విధానం కూడా చెప్పాలి. తోలు సంచిలో పెట్టి బీరువాలో మూస్తే వానాకాలంలో లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, నెలకోసారి తీసి వాడండి. లెన్సు మార్చేటప్పుడు కెమెరా ఆపి, మూతి కిందికి ఉంచి, ఇంట్లోనే మార్చండి. పత్తర్‌గట్టీ దుమ్ములో నిలబడి మార్చకండి. సెన్సర్ని నోటితో ఊదవద్దు, పంచె కొంగుతో తుడవవద్దు.

ఫొటోను రెండు విధాలుగా దాచుకోవచ్చు. జేపెగ్ అన్నది వండిన అన్నం. వెంటనే వడ్డించవచ్చు, మళ్లీ వండలేం. రా ఫైలు బియ్యం. ట్యూబులైటు పచ్చదనం, బల్బు పసుపుదనం లాంటివి తరువాత కంప్యూటరులో తీరిగ్గా సరిచేయవచ్చు. కార్డులో చోటు మాత్రం ఎక్కువ తింటుంది. కంప్యూటరు చేతకాని వారికి జేపెగ్ చాలు.

ఇక తేదీ సంగతి. ప్రతి ఫొటో లోపల కంటికి కనపడని ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ వేగంతో, ఏ ఎపర్చరుతో తీశారో అందులో నమోదవుతుంది. అది ఫొటో తాలూకు సర్వీసు రిజిస్టరన్నమాట. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ తప్పు పడితే ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనవసరం లేదు! బ్యాటరీ చాలా కాలం అయిపోయి ఉంటే కెమెరా గడియారం కూడా ఆగి, మళ్లీ మొదటికి పోతుంది. మూడేళ్లు బీరువాలో ఉంచిన నా కెమెరా అలాగే ఎప్పుడో పాత సంవత్సరం జనవరి ఒకటికి పోయింది. నేను గమనించలేదు. మా గల్లీ చివర స్టూడియో నడిపే భాయ్ ప్రింటు ఇస్తూ, "తారీఖ్ గలత్ హై సాబ్" అన్నాడు. సరిచేద్దాంలే అని ఊరుకున్నాను.

ఆ ప్రింటు సంగతే ఇప్పుడు చెబుతాను. 2019 ఆషాఢమాసం, లాల్ దర్వాజ బోనాల ఆదివారం. మా ఆవిడ మోకాళ్ల నొప్పులున్నా బోనం తానే ఎత్తుకుంటానంది. పొద్దు వాలే వేళ ఇంటి దగ్గర్నుంచి గుడిదాకా ముందు నడుస్తూ, వెనక నడుస్తూ నేను వందకు పైగా ఫొటోలు తీశాను. 2021లో ఆమె వెళ్లిపోయింది. కొన్ని నెలల తరువాత మనవడి పుట్టినరోజున కార్డు నిండిందని కెమెరా చెప్పింది. అన్నీ కంప్యూటరులోకి ఎక్కించాననే నమ్మకంతో 'ఫార్మాట్' నొక్కాను. ఎక్కించినవి అంతకుముందువి. బోనాల ఫొటోలు ఎక్కనే లేదు.

ఇక్కడ మీరు తెలుసుకోవలసినది ఒకటుంది. ఫార్మాట్ చేసినంత మాత్రాన ఫొటోలు వెంటనే చెరిగిపోవు. సాధారణంగా పోయేది విషయసూచిక మాత్రమే. పేజీలు అలాగే ఉంటాయి. కార్డును అక్కడికక్కడే పక్కన పెట్టి, తెలిసినవాళ్లకు ఇస్తే చాలావరకు వెనక్కి తీయవచ్చు. నాకది తెలియదు. అదే కార్డు మీద ఆ సాయంత్రం పుట్టినరోజు ఫొటోలు రెండు వందలు తీశాను. పాత పేజీల మీద కొత్త రాతలు పడ్డాయి.

మిగిలింది స్టూడియో భాయ్ చేత అంతకుముందు వేయించిన ఒక్క ప్రింటు. దాంట్లోనూ ఆమె ముఖం కాస్త కదిలింది, బోనం పట్టుకున్న చెయ్యి ఇంకా కదిలింది. రేణువులు వస్తాయని ఎవరో చెబితే ఆ రోజు ఐ.ఎస్.ఓ. 400 దాటనివ్వలేదు. దాంతో షట్టర్ ముప్పయ్యో వంతు దగ్గర ఆగింది. నడిచే మనిషికి అది చాలదు. 400 నుంచి 3200కు మూడు మెట్లు పెంచి ఉంటే, షట్టర్ కూడా మూడు మెట్లు ఎక్కి రెండు వందల యాభయ్యో వంతుకు చేరేది. ముఖం నిలిచేది. రేణువులున్న ముఖాన్ని రోజూ చూసుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని ఏ కంప్యూటరూ తిరిగి నిలబెట్టలేదు. ఈ లెక్క నాకు ఇప్పుడు నిద్రలో కూడా వస్తుంది. ఆ ప్రింటు వెనక సరైన తేదీ పెన్సిలుతో రాసి, ఫ్రేము కట్టించాను.

మిత్రులారా, ఇది మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పలేదు. అందరికీ ఇలాంటి పని మిగిలే ఉంది కనుక చెప్పాను. మెట్రో రైలు మార్గం కోసం 2025 జనవరిలో పాతబస్తీలో రోడ్డు వెడల్పు చేసే కూల్చివేతలు మొదలయ్యాయి. రోడ్డు కావాలి, రైలూ కావాలి. కాని మూడు తరాలు ఉన్న గుమ్మం పోయే ముందు దాని ఫొటో ఒకటి ఉండాలి కదా! నేను నా పాత విద్య కొద్దీ, మా వీధిలో అడిగినవారి ఇళ్లకు వెళ్లి ముందు గోడ, గుమ్మం, మెట్లు, లోపలి దూలాలు ఎదురెదురుగా నిలబడి తిన్నగా తీసి పెడుతున్నాను. పక్కన ఒక మీటరు బద్ద నిలబెడతాను, కొలత తెలుస్తుంది. మా పక్కింటి చాచా తన ఇంటి ఫొటోలు చూసి, "ఇత్నా బడా థా క్యా మేరా ఘర్?" అన్నాడు. ఆయన పుట్టింది ఆ ఇంట్లోనే.

కాబట్టి నా విన్నపం. ఇంటికి వెళ్లగానే కెమెరా తీసి బ్యాటరీ ఛార్జి చేయండి. ముందు తేదీ, సమయం సరిచేయండి. ఫొటోలు కంప్యూటరులో ఒకచోట, విడి హార్డ్ డిస్కులో మరోచోట దాచండి. ఆ హార్డ్ డిస్కు వేరే ఇంట్లో, కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉండాలి. రెండు చోట్లా తెరిచి కళ్లారా చూసుకున్నాకే ఫార్మాట్ జోలికి వెళ్లండి. ఏటా ఒక పాతిక ఫొటోలైనా ప్రింటు వేయించి, వెనక పేర్లు రాయండి. మనకు తెలిసిన ముఖాలు మన మనవలకు తెలియవు.

ఎవరికైనా మీటలు అర్థం కాకపోతే ప్రతి నెలా మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో ఉంటాను, కెమెరా పట్టుకుని రండి. పుస్తకం పోయినా ఫరవాలేదు. తొందర మాత్రం కొంచెం ఉంది. కెమెరా ఆగుతుంది, మనుషులూ ఇళ్లూ ఆగవు.